కాలికి కట్టు ఉన్న బిడ్డను షికారుకు తీసుకెళ్లవచ్చా?

(రోగుల బంధువుల కోసం ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)



బిడ్డ కాలికి కట్టు వేసి ఇంటికి పంపేటప్పుడు మీరు మమ్మల్ని ముందుగా అడిగేది తిండి గురించి. "సిస్టరమ్మా, వంకాయ పెట్టొచ్చా? గుడ్డు పెడితే చీము పడుతుందంటారు, నిజమేనా?" అంటారు. దానికి జవాబు చిన్నదే. పథ్యం ఏమీ లేదు. గుడ్డు, పాలు, పప్పు, చేపలు, చోడి అంబలి అన్నీ పెట్టండి. ఎముక అతకాలంటే అవన్నీ కావాలి.

రెండో ప్రశ్నను మాత్రం చాలామంది గుమ్మం దాటాక, వెనక్కి తిరిగి, కాస్త మొహమాటంగా అడుగుతారు. "బడివాళ్లు పిల్లల్ని విశాఖపట్నం తీసుకెళ్తున్నారు. డబ్బులు కట్టేశాం. వీడు ఒకటే ఏడుపు. తీసుకెళ్లొచ్చా?" ఈ రోజు నేను మాట్లాడేది ఈ రెండో ప్రశ్న గురించే.

వెళ్లొచ్చు అని గానీ వద్దు అని గానీ ఒక్క మాటలో చెప్పలేము. కట్టు వేసి ఎన్నాళ్లయింది, అది ఎంతవరకు ఉంది, అక్కడికి వెళ్లి బిడ్డ ఏం చేస్తాడు, ఈ మూడింటిని బట్టి జవాబు ఉంటుంది. డాక్టరుగారిని అడగకుండా ఏ ప్రయాణమూ పెట్టుకోవద్దు. అడిగే ముందు మీకు తెలిసి ఉండవలసిన సంగతులు కొన్ని చెబుతాను.

నొప్పి తగ్గడం వేరు, ఎముక అతకడం వేరు

విరిగిన ఎముక చుట్టూ మొదట రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో అక్కడ మెత్తటి కొత్త పదార్థం పెరిగి, రెండు ముక్కలనూ పట్టి ఉంచుతుంది. అది గట్టిపడి నిజమైన ఎముకగా మారడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. బడి వయసు పిల్లలకు మోకాలి కింది ఎముక విరిగితే ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టడం మామూలే. మరీ చిన్నపిల్లలకు ఇంకా త్వరగా అతుకుతుంది.

చిక్కంతా మధ్యలో వచ్చే మూడో వారంలోనే. అప్పటికి నొప్పి దాదాపు ఉండదు. బిడ్డ మంచం దిగి కుంటుతూ తిరుగుతానంటాడు. "బాగైపోయింది కదమ్మా" అని మీరూ అనుకుంటారు. కానీ లోపల ఉన్నది పచ్చి అతుకు. కొత్తగా కట్టిన గోడ మీద సిమెంటు పైకి ఆరినట్టు కనబడినా మర్నాడే దాని మీద బరువు పెట్టం కదా! ఇదీ అంతే. ఒక్క దూకుడుకి, ఒక్క కుదుపుకి ఎముక పక్కకు జరిగితే మళ్లీ మత్తు ఇచ్చి సరిచేయాల్సి రావచ్చు, ఆపరేషను కూడా పడవచ్చు.

అసలు వెళ్లకూడని రోజులు

కట్టు వేసిన మొదటి రెండు మూడు రోజులు ఎక్కడికీ వద్దు. దెబ్బ తగిలిన కాలు ఆ రోజుల్లో వాస్తుంది. కట్టు గట్టిగా ఉంటుంది కాబట్టి వాపు బయటికి సాగలేక లోపలికే నొక్కుతుంది. పైగా తెల్ల పిండికట్టు పూర్తిగా ఆరడానికి, వానాకాలమైతే మరీ, రెండు మూడు రోజులు పడుతుంది. ఫైబర్ కట్టు గంటలోపే గట్టిపడుతుంది గానీ వాపు సంగతి మాత్రం అక్కడా అదే.

నడుము నుంచి కాలి దాకా కట్టు వేసిన పిల్లలకు ఇలాంటి షికార్లు కట్టు తీసేదాకా వద్దే వద్దు. వాళ్లను కూర్చోబెట్టలేము, మూత్రం, దొడ్డి పడుకున్న చోటే జరగాలి. వాళ్లను ఆసుపత్రికి తెచ్చేటప్పుడు కూడా పడుకోబెట్టే తేవాలి.

బయల్దేరే ముందు వేళ్లు చూడండి

కట్టు బయట కనబడే కాలి వేళ్లు మీకు లోపలి కబురు చెబుతాయి. బొటనవేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోగా మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు వెచ్చగా ఉండాలి. కదపమంటే కదపాలి. ముట్టుకుంటే తెలియాలి. రెండో కాలి వేళ్లతో పోల్చి చూడండి. బయల్దేరే ముందు, దారిలో, అక్కడికి చేరాక, అన్నాలయ్యాక మళ్లీ చూడండి. దీనికి అర నిమిషం చాలు.

దారిలో

పాతపట్నం నుంచి సారవకోట, చల్లవానిపేట, నరసన్నపేట మీదుగా పెద్ద రోడ్డెక్కి శ్రీకాకుళం దాటి విశాఖ చేరేసరికి సగం పూట గడిచిపోతుంది. అంతసేపు కాలు కిందికి వేలాడితే వాపు తప్పదు. కారైనా, బస్సయినా వెనుక చక్రాల మీద ఉండే సీటు వద్దు, కుదుపు ఎక్కువ. ఇద్దరు కూర్చునే సీటు బిడ్డ ఒక్కడికే ఉంచి, కాలు సీటు మీద చాపి, కింద తలగడ పెట్టండి. ఒక టికెట్టు అదనంగా కొనాల్సి వస్తే కొనండి. నడిచే దారిలోకి కాలు చాపితే ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు తట్టుకుంటారు. గంటన్నరకొకసారి బండి ఆపి, వేళ్లు చూసి, నీళ్లు తాగించండి.

మోటారు సైకిలు మాత్రం వద్దు. కట్టు ఉన్న కాలు పక్కకు చాచి, ముగ్గురు నలుగురు ఒకే బండి మీద వెళ్లడం రోజూ చూస్తూనే ఉన్నాం. చాలామంది పిల్లల కాళ్లు విరిగేదే సైకిలు, మోటారు సైకిలు చక్రాల్లో ఇరుక్కుని. మళ్లీ ఆ చక్రం దగ్గరికే ఎందుకు తీసుకెళ్లాలి?

చంకకర్రలు వాడే బిడ్డయితే వాటితో ముందు ఇంట్లో నాలుగైదు రోజులు నడవడం నేర్చుకోవాలి. కర్ర పై భాగానికి, చంకకు మధ్య రెండు వేళ్లు పట్టే సందు ఉండాలి. బరువు చేతుల మీద మోయాలి గాని చంకల మీద కాదు. ఆరేళ్ల లోపు పిల్లలకు చంకకర్రలు సాధారణంగా కుదరవు. వాళ్లకు చక్రాల కుర్చీ గాని, ఎత్తుకునే పెద్దవాళ్లు గాని ఉండాలి. నాలుగు అడుగులు ఎత్తుకోవడం తేలికే. కట్టు బరువుతో సహా రోజంతా ఎత్తుకోవడం తేలిక కాదు. ఇద్దరు పెద్దవాళ్లు లేకుండా బయల్దేరవద్దు.

విశాఖలో ఏమి చూడొచ్చు

1977లో తెరిచిన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ఇలాంటి బిడ్డకు మంచి చోటు. లోపల తిరగడానికి రోడ్డుంది, బ్యాటరీ బండ్లు ఉన్నాయి. సోమవారం సెలవని గుర్తుంచుకోండి. ఎండ ఎక్కకముందే చూసి బయటపడండి, కట్టు లోపల చెమట పడితే దురద మొదలవుతుంది.

కైలాసగిరికి మెట్లెక్కే పని లేకుండా రోడ్డు మీద బండిలో పైదాకా వెళ్లవచ్చు. శివపార్వతుల విగ్రహాలు చూడొచ్చు, బల్ల మీద కూర్చుని సముద్రం చూడొచ్చు. బొమ్మ రైలు ఎక్కించాలనుకుంటే ఆ రోజు నడుస్తోందో లేదో, కాలు చాపుకునే చోటుందో లేదో టికెట్టు కొనకముందే అడగండి. రోప్‌వే పెట్టె ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు త్వరపడాల్సి వస్తే ఎక్కించవద్దు.

బీచ్ రోడ్డులో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామిని బయటి నుంచి చూపించండి చాలు. లోపల దారి ఇరుకు, గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. చంకకర్రలతో అది కాని పని. వెనుక జనం వస్తుంటే ఆగడానికీ ఉండదు.

ఇక ఇసుక, నీళ్లు. బీచ్ గట్టు మీద కూర్చోబెట్టి సముద్రం చూపించండి. ఇసుకలోకి దింపవద్దు. చంకకర్ర ఇసుకలో దిగబడి బిడ్డ పడిపోతాడు. కట్టులో ఇసుక పడితే చర్మం ఒరుసుకుపోయి పుండవుతుంది. పిండికట్టు తడిస్తే మెత్తబడి పనికిరాకుండా పోతుంది. ఫైబర్ కట్టు పైన తడిసినా చెడిపోదు గాని, లోపలి దూది తడిసి ఆరకుండా ఉండిపోతుంది. దురద పుడితే చీపురుపుల్ల, గరిటె కాడ లోపలికి పెట్టకండి. పౌడరు పోయకండి. పైనుంచి అరచేత్తో తట్టి, విసనకర్రతో విసరండి. వాన సూచన ఉంటే ప్లాస్టిక్ సంచి, తాడు దగ్గర పెట్టుకోండి. వాన వెలిశాక సంచి వెంటనే విప్పండి.

జెయింట్ వీలు, జారుడుబల్ల

విశాఖ ఎగ్జిబిషను కానివ్వండి, ఊరి జాతర కానివ్వండి, 2016లో తెరిచిన హైదరాబాదు వండర్లా వంటి పెద్ద పార్కు కానివ్వండి, ఒకటే మాట. గిరగిర తిప్పేవి, ఎగరేసేవి, ఢీకొట్టుకునే కార్లు, నీటి జారుళ్లు కట్టు ఉన్న బిడ్డకు పనికిరావు. కుదుపు ఒక కారణం. కట్టుతో లావైన కాలు కూర్చునే చోట, పట్టీలో సరిగా ఇమడదు, అది రెండో కారణం. కరెంటు పోయి ఆట మధ్యలో ఆగితే అందరూ నడిచి దిగుతారు, మీ బిడ్డ దిగలేడు. ఇది మూడోది, ఎవరూ ముందు ఆలోచించనిది.

"నేను ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను కదా" అనకండి. జారుడుబల్ల మీద పెద్దవాళ్ల ఒళ్లో కూర్చుని జారే చిన్నపిల్లల కాలు పక్క అంచుకు తట్టుకుని, పెద్దవాళ్ల బరువు వేగంతో తోడై, కాలి ఎముక విరగడం ఉంది. కట్టు లేని బిడ్డకే ఆ ప్రమాదం.

అలాగని బిడ్డను పక్కన కూర్చోబెట్టి తక్కిన పిల్లలందరినీ ఆడిస్తే వాడి మనసు విరుగుతుంది. అందుకే అక్కడ వాడు చేయగలిగినది ఒకటైనా ఉండేలా ముందే చూసుకోండి. బొమ్మలాట, మేజిక్ చూడటం, బెలూను పగలగొట్టే తుపాకీ ఆట లాంటివి కూర్చునే ఆడొచ్చు. ఏమేమి ఎక్కడానికి వీల్లేదో ఇంట్లోనే చెప్పండి. అక్కడికి వెళ్లాక చెబితే ఏడుపు, ఆ ఏడుపు చూడలేక మీరు సరే అనడం జరుగుతుంది.

ప్రయాణం ఆపేసి ఆసుపత్రికి వెళ్లవలసినవి

ఇప్పుడు చెప్పేది అన్నిటికన్నా ముఖ్యం. ఈ మాటలు గుర్తుంటే చాలు, మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు.

కాలు ఎత్తులో పెట్టినా, డాక్టరుగారు రాసిన మందు వేసినా నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, వేళ్లను మీరు మెల్లగా పైకి వంచితే బిడ్డ గట్టిగా అరిస్తే, వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, నీలంగా మారినా, కదపలేకపోయినా, అది మారాం కాదు. చిన్నపిల్లలు తిమ్మిరి అనలేరు. "చీమలు పాకుతున్నాయి" అంటారు, "ఇది నా కాలు కాదు" అంటారు, లేదా ఊరికే ఏడుస్తారు. లోపల ఒత్తిడి పెరిగి కండకు రక్తం అందడం లేదన్న మాట. కొన్ని గంటలు ఇలాగే ఉంటే కండ చచ్చిపోతుంది. ఒక్కోసారి కాలే పోతుంది.

అప్పుడు ఇంకో మాత్ర వేసి నిద్రపుచ్చకండి. "రేపు మన సిస్టరుగారికే చూపిద్దాం" అని తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. కాలును గుండె ఎత్తుకు సమానంగా ఉంచి దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రులున్నాయి, విశాఖలో కె.జి.హెచ్. ఉంది. 108కి ఫోను చేయండి. కట్టు ఎవరు వేసినా సరే, ఎవరైనా కోసి వదులు చేయవచ్చు. కట్టు పోతే మళ్లీ వేసుకోవచ్చు, కాలు పోతే తెచ్చుకోలేము.

వెదురు బద్దలతో బిగించి కట్టే నాటుకట్టుకూ ఇదే మాట. బిగువు ఎక్కువైతే అక్కడా రక్తం ఆగిపోతుంది. ఎవరి దగ్గర కట్టించినా వేళ్లు మాత్రం చూడండి.

కట్టులోంచి దుర్వాసన, చెమ్మ, మరక, జ్వరం, కట్టు పగలడం, బాగా వదులైపోవడం కనబడితే ఆ రోజే చూపించాలి.

దగ్గర్లోనే ఒక చోటు

డాక్టరుగారు విశాఖ వద్దంటే బిడ్డను ఇంట్లోనే కూర్చోబెట్టాలని కాదు. టెక్కలి దాటి నౌపడ వైపు తేలినీలాపురం ఉంది. శీతాకాలంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. నీడలో ఒక కుర్చీ వేస్తే గంటసేపు తల దించకుండా చూస్తాడు. పూట ప్రయాణం, జనం తోపులాట లేదు, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేయొచ్చు.

బడి యాత్రకు డబ్బులు కట్టేసి ఉంటే పంతులుగారితో మాట్లాడండి. డబ్బు తిరిగి ఇస్తే తీసుకోండి, ఇవ్వకపోతే వదులుకోండి. మళ్లీ ఎముక జరిగితే అయ్యే ఖర్చు ముందు అది చిన్నది.

కట్టు తీసిన రోజే పార్కుకు తీసుకెళ్తామని బిడ్డకు మాట ఇవ్వకండి. ఆ రోజు కాలు సన్నబడి, బిగుసుకుపోయి, చర్మం పొట్టు రేగి ఉంటుంది. మెల్లగా నడిపించి, డాక్టరుగారు పరుగెత్తవచ్చు అన్న రోజుకు మాట ఇవ్వండి. ఇచ్చిన మాట తప్పకండి. జెయింట్ వీలు వచ్చే ఏడాదీ తిరుగుతుంది. అప్పుడు వాడు తన రెండు కాళ్ల మీద నడిచి వెళ్లి ఎక్కుతాడు.

 ఇంటికి వెళ్లే ముందు ఒకసారి మీ బిడ్డ మంచం దగ్గరికి రండి. గోరు నొక్కి చూడటం మీ చేతనే చేయిస్తాను.