తమ్ముడూ నేనూ



నా తమ్ముణ్ణి మీలో చాలామంది ఎరుగుదురు. నాకంటే ఆరేళ్లు చిన్న. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం.

నా ఇంటర్ అయ్యాక బంధువులు తలా ఒక సలహా ఇచ్చారు. ‘చదువు మాని వాణ్ణి చూసుకో’ అని కొందరు, ‘వాణ్ణి ఎక్కడైనా చేర్పించి నీ దారి చూసుకో’ అని కొందరు. అమ్మ మాత్రం, ‘నువ్వు నిలబడితేనే రేపు వాడికి ఆసరా’ అంది. ఇంజనీరింగులో చేరాను.

సెలవులకు వచ్చినప్పుడు తమ్ముణ్ణి సికింద్రాబాదు బోయిన్‌పల్లిలో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థకు తీసుకెళ్లేవాణ్ణి. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పాలని అక్కడ చెప్పారు. చొక్కా గుండీలు పెట్టుకోవడం వాడికి అలాగే వచ్చింది.

పెళ్లిచూపులకూ వాణ్ణి వెంట తీసుకెళ్లాను. రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడో ఇంట్లో అమ్మాయి ముందు వాణ్ణే పలకరించింది. ఆవిడే నా భార్య.

ఇలాంటి తోబుట్టువులు ఉన్నవారికి ఒక మాట. పద్దెనిమిదేళ్లు నిండాక చట్టప్రకారం సంరక్షకుడు కావాలంటే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు సభ్యుడిగా ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. అమ్మానాన్నలు ఉండగానే ఆ పని చూసుకోండి.

మీ చదువు, ఉద్యోగం, ఇష్టాలు వదులుకోకండి. అన్నీ వదులుకున్నవాడు ఏదో ఒకరోజు ఆ బాకీ తమ్ముడి పేరనే రాస్తాడు.

వాడు కూడా ఈరోజు సభకు వచ్చాడు. భోజనాల దగ్గర నాకంటే ముందు వాణ్ణి పలకరించండి.