‘ప్రతి’ అన్న చిన్న మాట
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున లెక్కల పాఠమేమిటని కార్యదర్శిగారు నవ్వారు. ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టినవాణ్ణి, ఇంకేం చెప్పగలను? పైగా ఈ దినోత్సవమే ఒక ‘ప్రతి’ వల్ల వచ్చింది. మెరుగుపరచిన పెన్షన్ 1979 మార్చి 31న గానీ, ఆ తర్వాత గానీ రిటైరైనవారికే అన్నారు. నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న ఆ తేదీ అడ్డు తీసేసి, 1972 కేంద్ర నిబంధనల కిందికి వచ్చే ప్రతి పెన్షనరుకూ వర్తిస్తుందని తీర్పు చెప్పింది.

పాత పదో తరగతి లెక్కల పుస్తకంలో ‘ప్రవచనాలు - సమితులు’ అనే అధ్యాయం మీలో కొందరికైనా గుర్తుంటుంది. అందులో తలకిందులైన ఇంగ్లీషు ‘ఏ’, వెనక్కి తిరిగిన ‘ఈ’ అని రెండు గుర్తులు. మొదటిదానికి ‘ప్రతి’ అని, రెండోదానికి ‘కనీసం ఒకటైనా ఉంది’ అని అర్థం. గుర్తులు పిల్లలకు ఇట్టే వచ్చేవి. ‘ప్రతి’ని కాదనడం మాత్రం వచ్చేది కాదు.

1980లలో కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె బడిలో పనిచేసేవాణ్ణి. కరువు రోజులు. ‘ప్రతి బావిలోనూ నీళ్లున్నాయి. దీన్ని కాదంటూ ప్రవచనం రాయండి’ అని పరీక్షలో ఇచ్చాను. ఒక పిల్లవాడు ‘ఏ బావిలోనూ నీళ్లు లేవు’ అని రాశాడు. సున్నా వేశాను. కాగితం పట్టుకుని వచ్చాడు.

“సార్, మా ఊర్లో నిజంగానే ఏ బాయిలోనూ నీళ్లు లేవు. తప్పెట్లయితుంది సార్?”

నాకు వెంటనే నోట మాట రాలేదు. వాళ్ల ఊరు నేను చూసిందే.

“సరే, ఎవరో వచ్చి మీ ఊర్లో అన్ని బావుల్లోనూ నీళ్లున్నాయని రాసుకుపోయాడనుకో. అది తప్పని ఎన్ని బావులు చూపిస్తావు?”

“అన్నీ సార్.”

“అయిదో బావిలో చెంబెడు నీళ్లు కనబడితే?”

వాడు కాసేపు ఆలోచించాడు. “ఒక్క ఎండిన బాయి చూపిస్తే సాలునా సార్?”

చాలు. ‘నీళ్లు లేని బావి కనీసం ఒకటుంది’ - అదే జవాబు. ‘ఏ బావిలోనూ లేవు’ అని పట్టుబడితే ఆ చెంబెడు నీళ్లతో వాడినే అబద్ధాలకోరును చేస్తారు. వాడి కళ్లలో వెలుగు చూశాను గానీ, ఆ సున్నా వేసినందుకు ఇప్పటికీ కాస్త బాధే.

నిరూపించేటప్పుడు కథ తిరగబడుతుంది. ఒక సంఖ్య తీసుకుని దాని వర్గానికి అదే సంఖ్యనూ, 41నీ కలపండి. 0 నుంచి 39 దాకా ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 దగ్గర 1681 వస్తుంది, అది 41 ఇంటూ 41. నలభై సాక్ష్యాలూ ఒక్క దెబ్బకు పోయాయి.

ఇంత చెప్పిన నేనే బోల్తా పడ్డాను. రిటైరయ్యాక ఒకసారి ‘మా పెన్షనర్లందరికీ బకాయిలు అందలేదు’ అని అర్జీ రాశాను. ఒక్కరికీ రాలేదని నా ఉద్దేశం. ‘అందనివారి పేర్లు మాత్రం పంపగలరు’ అని జవాబొచ్చింది. కొందరికి అందాయని వాళ్లు చదువుకున్నారు. తెలుగులో ఆ వాక్యానికి ఆ అర్థమూ ఉంది మరి. ‘ఒక్కరికీ అందలేదు’ అని మళ్లీ రాసి పంపాను. ఆ పిల్లవాడు మొదటి అర్జీ చూసి ఉంటే నాకూ సున్నా వేసేవాడు.