కొలబద్దలు మనమా? కొలుచుకునేది వాళ్ళా?

(దళిత యువజనుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



దళితుల సభలో డీఎన్‌ఏ ముచ్చట ఎందుకని కొందరు మిత్రులు పొద్దున్నే అడిగారు. భూమి గురించి, కూలి గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకున్నట్టే దీని గురించీ మాట్లాడుకోవాలి. ఇది కూడా మన దగ్గర నుంచి పోయిన సొత్తే గనక.

ముందు సంగతేందో చూద్దాం. అమెరికాలో కొన్ని కంపెనీలున్నాయి. రమారమి వంద డాలర్లు కడితే చిన్న గొట్టం పంపుతాయి. అందులో ఉమ్మేసి పంపితే డీఎన్‌ఏలో కొన్ని లక్షల చోట్ల ఏ అక్షరముందో చదివి ఒక ఫైలు ఇస్తాయి. ఆ ఫైలు మామూలు మనిషికి అర్థం కాదు. దాన్ని విప్పి చెప్పే సాధనాలు ఇంటర్నెట్‌లో విడిగా ఉన్నాయి. ప్రొమెథీజ్ అనేది జబ్బుల సంగతి చెబుతుంది. జెడ్‌మ్యాచ్ అనేది తెలియని చుట్టాల్ని వెతికిపెడుతుంది, పూర్వీకుల్లో ఎవరి వాటా ఎంతో శాతాల్లో ఇస్తుంది.

ఇవన్నీ వాడుతున్నదెవరు? అమెరికాలో 2018, 2019లలో పరిశోధకులు అడిగి చూస్తే, చాలామంది బాగా చదువుకున్న తెల్లవాళ్ళే. మరి అక్కడున్న మన దేశస్తుల్లో? 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు లెక్క తీస్తే అమెరికాలోని భారతీయుల్లో దళితులు, ఇతర కింది కులాలు కలిపినా 1.5 శాతమే తేలారు. ఇక గొట్టంలో ఉమ్మేదెవరో వేరే చెప్పాలా! 2011లో హరప్పా యాన్సెస్ట్రీ ప్రాజెక్టు అని ఒకటి మొదలైంది. దక్షిణాసియా వాళ్ళు తమ ఫైళ్ళు పంపితే వాటాలు లెక్కకట్టి, కులం పేరుతో సహా పట్టికలో పెట్టేది. తమలో స్టెప్పీ రక్తం ఎంతుందో చూసుకుని మురిసిపోయేవాళ్ళకి ఇదొక కొత్త జాతకం. గోత్రం చెప్పుకునే నోరే ఇప్పుడు శాతం చెప్పుకుంటోంది.

అయితే ఇక్కడొక చిత్రముంది. ఆ లెక్కలకి ఆధారంగా పెట్టుకున్న జనాల పట్టికలు తిరగేయండి. ఆంధ్ర మాల, ఆంధ్ర మాదిగ అని మన పేర్లు కనిపిస్తాయి. మనమెప్పుడు ఉమ్మి పంపాం? పంపలేదు. శాస్త్రజ్ఞులే మన దగ్గరికొచ్చి రక్తం తీసుకున్నారు. విశాఖ జిల్లాలో మాల, మాదిగ, రెల్లి కులాల వాళ్ళ నమూనాలతో, బ్రాహ్మణుల నమూనాలతో పోల్చి 2001లో ఒక పెద్ద వ్యాసం వచ్చింది. హైదరాబాదు హబ్సిగూడలోని సీసీఎంబీ, అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2009లో 25 సమూహాలకు చెందిన 132 మంది నమూనాలతో ఇంకొకటి వేసింది. అందులోనూ మాల, మాదిగ ఉన్నాయి. ఆ సమాచారం ప్రపంచమంతా తిరిగింది. అమెరికాలో కూచున్న దొరబాబు తాను దళితుడికి ఎంత దూరమో, ఐరోపావాడికి ఎంత దగ్గరో మన రక్తం మీద కొలుచుకుంటాడు. కొలబద్ద మనది, కొలత వాడిది. రక్తమిచ్చిన ఆ అన్నలకీ అక్కలకీ ఈ సంగతి చెప్పినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?

మేము శాస్త్రానికి వ్యతిరేకులం కాదు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో బాబాసాహెబ్ తన వ్యాసంలో కులానికి మూలం సొంత కులంలోనే పెళ్ళి చేసుకునే కట్టుబాటు అన్నాడు. 2013లో జన్యు శాస్త్రజ్ఞులు ఏం చెప్పారు? దాదాపు 4,200 నుంచి 1,900 ఏళ్ళ క్రితం దాకా ఈ దేశపు జనం ఒకరితో ఒకరు బాగా కలిశారు, ఆ తర్వాతే ఎక్కడివాళ్ళక్కడ గిరి గీసుకున్నారు అని. కలవనివాడంటూ లేడు. స్వచ్ఛమైన రక్తం అనే మాటకి అక్కడే నీళ్ళొదిలారు. ముక్కులు కొలిచి జాతులు తేల్చిన కాలంలోనే, ఆ కొలతలే ముందు పెట్టుకుని బ్రాహ్మణుడూ అంటరానివాడూ వేరువేరు జాతులు కారని 1948 పుస్తకంలో అంబేద్కర్ తేల్చేశాడు. ఇంకో మాట. రేపు ఎవరో ఈ శాతాలు పట్టుకొచ్చి మాల వేరు, మాదిగ వేరు అని రక్తం లెక్కలు చెప్పొచ్చు. వర్గీకరణ వాటాల లెక్క. దానికీ దీనికీ ముడిపెట్టనివ్వొద్దు.

ఇక జబ్బుల సంగతి. ఇదే అసలైంది. వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైము తక్కువగా ఉంటుంది, ఆపరేషన్ బల్ల మీద కండరాలు సడలించే ఒక మందు ఇస్తే ఊపిరి తిరిగి అందుకోవటానికి చాలాసేపు పడుతుంది. అది తెలిసినవాడు ముందే డాక్టరుకి చెప్పుకుంటాడు. మంచిదే, ప్రాణం దక్కుతుంది. మనకి తెలియాల్సినవి మనకెవరు చెబుతున్నారు? సికిల్‌సెల్ ఆదివాసీల జబ్బే అనుకుంటారు. విదర్భలో మహర్లలో కూడా బాగా ఉంది. 2016 వికలాంగుల చట్టంలో దాన్ని చేర్చారు కూడా. ఇది తేల్చటానికి ఉమ్మి గొట్టం అక్కర్లేదు, మామూలు రక్తపరీక్ష చాలు. ఆ పరీక్ష వాడలోకి రావాలి.

అంతర్జాల సాధనాన్ని నమ్ముకుంటే? 2018లో అమెరికాలో ఒక ల్యాబు, ఇట్లాంటి ఫైళ్ళలో కనిపించిన తేడాలను మళ్ళీ పరీక్ష చేస్తే 40 శాతం అసలు లేనే లేవు. పైగా జబ్బులకీ జన్యువులకీ సంబంధం వెతికిన పరిశోధనల్లో ఐదింట నాలుగు వంతుల మంది ఐరోపా మూలాల వాళ్ళే. వాళ్ళ ఒంటికి కుట్టిన చొక్కా మనకెట్లా సరిపోద్ది?

ఫైలు ఎక్కించాక అది ఎవరి చేతుల్లో ఉంటుందో కూడా చూడండి. 23అండ్‌మీ కంపెనీలో 2023లో దొంగలు పడ్డారు. దాదాపు 69 లక్షల మంది సమాచారం పోయింది. యూదుల జాబితా ఒకటి, చైనా మూలాల వాళ్ళ జాబితా ఒకటి కట్టి అమ్మకానికి పెట్టారు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా తీసింది. జాతుల జాబితాలు కట్టి అమ్మినవాళ్ళకి కులాల జాబితా ఒక లెక్కా? మన దేశంలో జీనోమ్ ఇండియా కింద 10 వేల మంది జన్యుక్రమం చదివి, 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జన్యు సమాచారానికి విడిగా కాపుదల ఏమీ పెట్టలేదు.

అమెరికాలో హవాసుపై అనే ఆదివాసీ తెగ ఉంది, అరిజోనాలో. చక్కెర జబ్బు పేరు చెప్పి 1990 నుంచి వాళ్ళ రక్తం తీశారు. ఆ తర్వాత దాన్ని మతిచలనం మీద, తెగ ఎక్కడి నుంచి వలసొచ్చిందనే దాని మీద పరిశోధనకి వాడారు. వాళ్ళు ఊరుకోలేదు. కోర్టుకెక్కారు. 2010లో విశ్వవిద్యాలయం రాజీకొచ్చి ఏడు లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తం తిరిగిచ్చింది. గొట్టాల్లోని ఆ రక్తాన్ని వాళ్ళు తమ లోయకి తీసుకుపోయారు.

మేమడిగేది ఇంతే. మా దగ్గర తీసిన నమూనా ఎక్కడుంది? ఎన్నేళ్ళుంచుతారు? మొదట చెప్పిన పనికి కాక వేరే పనికి వాడితే మళ్ళీ వచ్చి అడుగుతారా? వద్దంటే వెనక్కిస్తారా? తేలిన ఫలితం తెలుగులో రాసి వాడకి ఎప్పుడు తెస్తారు? జబ్బు బయటపడితే మందు ఎవరిస్తారు? ఈ ప్రశ్నలు ఒక కాగితం మీద అచ్చేశాం, పుస్తకాల బల్ల దగ్గర ఉంది. పోయేటప్పుడు ఊరికి పదన్నా తీసుకుపొండి. నర్సింగు, ల్యాబు కోర్సులు చదివే పిల్లలుంటే ముందు వాళ్ళ చేతికివ్వండి.