మండెడు మంచు



మంచుగడ్డ మండుననిన వినువారికి వింతగా నుండును. కాని సముద్రగర్భమున అట్టి మంచు కలదు. శాస్త్రజ్ఞులు దానిని మీథేన్ హైడ్రేటు అందురు. అధిక పీడనమును, శైత్యమును ఒకచోట కూడినపుడు నీటి అణువులు పంజరములవలె అల్లుకొని మీథేను వాయువును లోపల బంధించును. ఒక ఘనమీటరు హైడ్రేటు కరగిన సుమారు 160 ఘనమీటర్ల వాయువు వెలువడును.

ఈ నిధి తెలుగుతీరమునకు దూరమైనది కాదు. 2006లో ‘జాయిడెస్ రిజల్యూషన్’ అను నౌక కృష్ణా గోదావరీ ముఖద్వారముల కెదుట, బంగాళాఖాతపు అడుగున, బంకమట్టి పొరలలో దాదాపు 130 మీటర్ల మందమున హైడ్రేటును కనుగొనెను. 2015లో జపాను నౌక ‘చిక్యూ’ ఆ ప్రాంతముననే ఇసుక పొరలందును అది కలదని తేల్చెను. ఇసుకనుండి వాయువు సులువుగా కదలివచ్చును గావున ఈ రెండవ వార్త మిక్కిలి ముఖ్యమైనది.

బావి త్రవ్వి, నీరు తోడి, అడుగున పీడనము తగ్గించిన పంజరము విడిపోవును. జపాను 2013 మార్చిలో నాన్‌కాయ్ ద్రోణియందు ఈ పద్ధతిని సముద్రములో మొదటిసారి పరీక్షించెను. ఆరు దినములకే బావిలోనికి ఇసుక చొరబడి పని నిలిచెను. 2017లో చైనా 60 దినములు వాయువును తీయగలిగెను. అయినను వ్యాపారమునకై సముద్రపు హైడ్రేటును తీయు దేశము నేటికిని లేదు.

పంజరమును తెరచుట యొక యెత్తు, తెరచిన పిమ్మట వాయువును కాపాడుట యొక యెత్తు. ఆకాశమున చేరిన మీథేను, ఇరువదేండ్ల లెక్కలో, బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 80 రెట్లు వేడిని పట్టి యుంచును. సముద్రము వేడెక్కిన ఈ మంచంతయు ఒక్కమారుగా విచ్చిపోవునని కొందరు భయపడుదురు. ఆ భయమునకు ఆధారము చాలదు. లోతున వెలువడిన మీథేనులో అధికభాగము నీట కరగి సూక్ష్మజీవులకు ఆహారమగును. అసలు కీడు మెల్లమెల్లగా వచ్చునది. బావులయందును, గొట్టములయందును కారిపోవు వాయువు ఒకటి. మండించినపుడు పుట్టు బొగ్గుపులుసు వాయువు మరియొకటి. ఇది బొగ్గు మండించిన పుట్టుదానిలో ఇంచుమించు సగమే. కాని శతాబ్దములు నిలుచును. మన్నును బిగించియున్న హైడ్రేటును తీసివేసిన, సముద్రపు వాలులు జారు ప్రమాదమును కలదు.

భూతాపముచే కడలి పొంగిన మునుగు పల్లపు నేలలలో కృష్ణా గోదావరీ డెల్టాలును ఉన్నవి. నిధి యే తీరమున కెదుట నున్నదో, నష్టమును ఆ తీరమునకే తగులును. త్రవ్వుటయా, విడుచుటయా యను ప్రశ్న పుట్టిన దినమున, ఆశకును భయమునకును లోబడక, లెక్క యడుగగల జనులు ఊరూర నుండవలెను. అట్టివారిని సిద్ధము చేయుటయే గ్రంథాలయముల పని. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చేయుచున్న సేవయు నదియే.