పాత గదికి నమస్కారం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మార్పు వచ్చినప్పుడు ఉద్యోగులను నడిపించడం గురించి మాట్లాడమన్నారు. నేను పండితుణ్ణి కాను. ఆంధ్రా బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. చూసిందే చెబుతాను.

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో స్థాపించిన బ్యాంకు మాది. 2019 ఆగస్టు 30న విలీనం ప్రకటించారు. 2020 ఏప్రిల్ 1న మా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. అప్పుడు నేను బ్రాంచి మేనేజరును.

ప్రకటన వచ్చాక మా స్టాఫ్‌లో ఎవరూ పని మానలేదు. కానీ మనసు పెట్టడం మానేశారు. డిపాజిట్ల కోసం ఊళ్ళోకి వెళ్ళమంటే ముఖం చాటేసేవారు. నేను సర్క్యులర్లు చదివి వినిపించాను. "ఎవరి ఉద్యోగమూ పోదు కదా, ఇంకా దిగులెందుకు?" అని విసుక్కున్నాను. అదే నా పొరపాటు.

ఒక సాయంత్రం మా అటెండరు, "సార్, పాత బోర్డు దించాక ఏం చేస్తారు?" అని అడిగాడు. ముప్ఫై ఏళ్ళుగా రోజూ దాని కిందనే షట్టరు ఎత్తినవాడు. నాకు జవాబు రాలేదు.

మర్నాడు కౌంటర్లు మూశాక అందరినీ కూర్చోబెట్టి, "నాకూ బాధగానే ఉంది" అన్నాను. అప్పుడు నోళ్ళు విప్పారు. ఒకరికి బదిలీ భయం, ఒకరికి సీనియారిటీ బెంగ. క్యాషియరుగారికి ఈ వయసులో కొత్త సాఫ్ట్‌వేర్ రాకపోతే నలుగురిలో చిన్నబోతానేమోనని గుబులు. తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియవన్నాను. క్యాషియరుగారి పక్కన కంప్యూటరు బాగా వచ్చిన కుర్రాణ్ణి కూర్చోబెట్టాను.

భయాలన్నీ పోయాయని చెప్పను. కానీ లాక్‌డౌన్‌లో జన్‌ధన్ ఖాతాల్లో పడిన 500 రూపాయల కోసం ఆడవాళ్ళు ఎండలో బారులు తీరితే, మా వాళ్ళు మాస్కులు కట్టుకుని, చెప్పించుకోకుండానే వచ్చి నిలబడ్డారు.

నిజానికి ఈ పాఠం నాకు ఈ బడిలోనే చెప్పారు. పెంకుల షెడ్డు నుంచి కొత్త భవనానికి మారిన రోజు, మా హెడ్మాస్టారు ఎవరి బెంచీ వాళ్ళనే మోసుకురమ్మన్నారు. బయల్దేరేముందు పాత గదికి నమస్కారం పెట్టించారు. అప్పుడు నవ్వుకున్నాం. నలభై ఏళ్ళ తర్వాత, ఆ బోర్డు దించుతుంటే అర్థమైంది. ఆ రోజు మా అటెండరు చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆయన పక్కన నేనూ విడిచాను.

పదిమందిని నడిపించే మీకు నా మనవి ఒక్కటే. కొత్త గదిలోకి రమ్మనే ముందు, పాత గదికి నమస్కారం పెట్టుకోనివ్వండి. బెంచీ వాళ్ళే మోసుకొస్తారు.

సెలవు.