చెయ్యి వణికినా జిగ్ వణకదు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో టూల్ రూంలో పనిచేసి రిటైరైన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య సదుపాయాల గురించి పెద్దలు ఇప్పటికే వివరంగా మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. రిటైరయ్యాక చేతులకు పనేమిటన్నది ఆ విషయం. దానికి నా జవాబు గాలానికి కట్టే చెక్క ఎర. ఇంగ్లీషులో దాన్ని ల్యూర్ అంటారు. చేపలాగో కప్పలాగో నీటిలో కదిలి, పెద్ద చేపను రప్పించే బొమ్మ అది.

అరవై దాటిన మనకు పనిమీద ఆశ ఉన్నా ధైర్యం ఉండదు. చూపు తగ్గింది, వేళ్లలో పట్టు తగ్గింది, కొందరికి చెయ్యి వణుకుతుంది. బొటనవేలంత చెక్కముక్కను చేత్తో పట్టుకుని డ్రిల్లు కింద పెట్టమంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే మంచిది. అందుకే నేను ఎర కంటే ముందు జిగ్ గురించి చెబుతాను.

ఆఫీసు విభాగాల్లో పనిచేసినవారి కోసం ఒక్క మాట. పనిముక్కను కదలకుండా పట్టుకునేది ఫిక్స్చర్. పట్టుకోవడంతో పాటు పనిముట్టుకు దారి కూడా చూపేది జిగ్. వాడుకలో రెండింటినీ జిగ్ అనే అంటాం. కొలత ఒక్కసారి జిగ్‌లో పెడితే చాలు. ఆ తరువాత ప్రతి ముక్కకూ కొలవనక్కరలేదు, కళ్లు చికిలించనక్కరలేదు, వేళ్లు బ్లేడు దగ్గరకు పోనక్కరలేదు.

ల్యూర్ల చరిత్రలో పెద్ద పేరు ఫిన్లాండు దేశపు లౌరి రాపలాది. గాయపడి తడబడుతూ ఈదే చిన్న చేపనే పెద్ద చేప ముందుగా పట్టుకుంటుందని ఆయన గమనించారు. 1936లో బెండును కత్తితో చెక్కి, చాక్లెట్ల మీది తగరపు రేకు చుట్టి, ఫొటో నెగటివులు కరిగించి పైపూతగా పూసి, అదే తడబాటుతో కదిలే ఎరను తయారుచేశారు. ఆయనకున్న చేతివాటం మనకు లేకపోవచ్చు. ఆ లోటు తీర్చడానికే జిగ్ ఉంది.

మన ప్రాంతానికి తగిన ఎర నీటిపైన తేలేది. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది. పైన కదిలే కప్పను చూస్తే ఎగిరి పట్టుకుంటుంది. కాబట్టి ముందు నోరు గుంటగా ఉండి, లాగినప్పుడు గుబుక్కుమని నీళ్లు చిమ్మే బొమ్మ చేద్దాం. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర చాలా తేలిక గనుక దీనికి శ్రేష్ఠం. అయితే అది దొరకడం కష్టమైపోయింది. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర అయినా సరే, వడ్రంగి దగ్గర మిగిలిన తేలికపాటి టేకు ముక్క అయినా సరే. ఈనె నిటారుగా ఉండాలి, బాగా ఎండి ఉండాలి. 20 మిల్లీమీటర్ల చదరం, 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ముక్కలు ఒక అరడజను కోసి పెట్టుకోండి.

మొదటి సూత్రం ఇది. ముక్క చదరంగా ఉన్నప్పుడే రంధ్రాలన్నీ పూర్తిచేయాలి. గుండ్రంగా చేశాక జిగ్‌కు ఆనించడానికి సమతలం దొరకదు.

అన్నిటికంటే కష్టమైనది నిలువునా వేసే నడిమి రంధ్రం. దాని గుండా స్టెయిన్‌లెస్ స్టీలు తీగ పోతుంది. తీగ ముందు కొనకు దారం, వెనుక కొనకు గాలం. మధ్యలో పొట్టకు కట్టే గాలం కోసం కింద నుంచి ఇంకో రంధ్రం వేసి, చిన్న స్వివెల్ దింపి, దాని కన్నులోంచే ఈ తీగను పోనివ్వాలి. చేప కొరికి చెక్క చీలినా తీగ తెగదు. గాలం చెక్కలోంచి ఊడి చేప నోట్లోనే ఉండిపోయే బాధా తప్పుతుంది.

దీనికి జిగ్ చాలా సులువు. రెండు ప్లైవుడ్ పట్టీలను లంబకోణంలో బిగించి, ఒక మూలలాగా చేసి, డ్రిల్లింగ్ మెషీన్ బల్లమీద నిలబెట్టండి. 3 మిల్లీమీటర్ల డ్రిల్లు మొన రెండు పట్టీలకూ సమానంగా 10 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. ముక్కను మూలలో నిలబెట్టి, క్లాంపుతో బిగించి, సగం కంటే కొంచెం లోతుగా రంధ్రం వేయండి. తరువాత తలకిందులు చేసి రెండో వైపు నుంచి వేయండి. రెండుసార్లూ ఒకే అంచు మూలలోకి ఆనాలి. ఆ అంచుకు ముందే పెన్సిలు గుర్తు పెట్టుకోండి. ఇలా చేస్తే ముక్క 20కి బదులు పందొమ్మిదిన్నర ఉన్నా రెండు రంధ్రాలూ మధ్యలో కలుస్తాయి. డ్రిల్లు రెండు పట్టీలకూ సమదూరంలో ఉండటమే ఇందులో కిటుకు.

రెండో జిగ్ బరువు రంధ్రాల కోసం. తోక వైపు, దేహం ఇంకా లావుగా ఉన్న చోట, పొట్ట నుంచి ఆరున్నర మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు, 8 మిల్లీమీటర్ల లోతున చాలు. లోతు దాటకుండా డ్రిల్లుకు అడ్డు బిగించండి. దాటితే నడిమి రంధ్రంలో పడుతుంది. వీటిలో పాత సైకిలు బేరింగు గుండ్లు వేయండి. పావు అంగుళం గుండు ఒక్కొక్కటి గ్రాము పైచిలుకు తూగుతుంది. చాలామంది సీసం కరిగించి పోస్తారు. మనవలు తిరిగే ఇంట్లో సీసం వద్దని గట్టిగా మనవి చేస్తున్నాను. దాని పొగా, పొడీ పసిపిల్లల మెదడుకు హాని చేస్తాయి.

మూడోది వి ఆకారపు గాడి ఉన్న దిమ్మ. మన ఫిట్టర్లకు ఇది చిరపరిచితం. ముక్కను గాడిలో పెడితే అంచు పైకి వస్తుంది. దాన్ని చిత్రిక పట్టాలి. 20 మిల్లీమీటర్ల చదరంలో ప్రతి మూల నుంచీ ఇటూ అటూ సుమారు 6 మిల్లీమీటర్లు గుర్తు పెట్టి, ఆ గీతల మధ్య భాగం తీసేస్తే ఎనిమిది సమాన ముఖాలు వస్తాయి. గాడికి రెండు పక్కలా తగిన ఎత్తులో గట్టి పట్టీలు బిగిస్తే, చిత్రిక వాటిమీద ఆగిపోతుంది. ఎక్కువ తెగుతుందన్న భయం ఉండదు.

ఆ తరువాత నోటివైపు కొంచెం వాలుగా కోసి, గుండ్రటి బర్రుతో గుంట చేయండి. నడిమి రంధ్రంలో 3 మిల్లీమీటర్ల మరచువ్వ దూర్చి, రెండు కొనలా నట్లు బిగించి, బల్లకు బిగించిన హ్యాండ్ డ్రిల్లులో తిప్పుతూ సాండ్ పేపరు పట్టీ ఆనిస్తే మిగతా గుండ్రదనం, తోక సన్నదనం వస్తాయి. తిరిగే యంత్రం దగ్గర చేతికి గుడ్డ గ్లౌజులు వద్దు, భుజాన కండువా వద్దు. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

రంగుకు ముందు తీగ, గాలాలు అన్నీ తగిలించి, గుండ్లను మైనంతో తాత్కాలికంగా అంటించి బకెట్ నీళ్లలో వదలండి. తోక మునిగి నోరు పైకి ఉండాలి. పక్కకు ఒరిగితే గుండ్ల రంధ్రాలు నడిమి గీత తప్పాయన్నమాట. సరిగ్గా ఉంటే గుండ్లనూ తీగనూ ఎపాక్సీతో అంటించి, వార్నిషు రెండు పూతలు వేసి, పిల్లలకు నచ్చిన రంగులు వేయించండి. జిగ్ వాడినందువల్ల, ఒకే దుంగలోంచి వచ్చిన మిగతా అయిదూ దాదాపు అలాగే తేలుతాయి. ఒకదాన్ని సరిచేసుకుంటే ఆరూ సరిచేసుకున్నట్టే.

గాలం వేసే ముందు రెండు జాగ్రత్తలు. మన చెరువుల్లో చాలావాటి మీద చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. వారి అనుమతి అడిగి వేయండి. అది వారి కూడు, మనకు కాలక్షేపం. రెండోది, కొర్రమీను పిల్లల గుంపును తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. గుంపు దగ్గర ఏది కదిలినా మీద పడతాయి గనుక అప్పుడు పట్టడం తేలిక. కాని ఆ ఒక్క చేపతో పిల్లలన్నీ దిక్కులేనివవుతాయి. నీటిపై ఎర్రగా పిల్లలు కనిపిస్తే గాలం చుట్టేయండి.

చివరగా ఒక మాట. ముప్పై ఏళ్ల అనుభవాన్ని నోటితో చెబితే వినేవారికి ఓపిక ఉండదు, చెప్పేవారికి గుర్తుండదు. అదే అనుభవాన్ని జిగ్‌లో పెడితే పదేళ్ల మనవడు కూడా తాతగారి కొలతకే రంధ్రం వేస్తాడు. పక్కన పెద్దవారు నిలబడి ఉండాలి, అంతే. మన తరువాత కూడా ఆ కొలత తప్పదు.

మూడు జిగ్‌లూ బయట బల్లమీద ఉంచాను. భోజన విరామంలో చూసి కొలతలు రాసుకోండి. వణికే చేతులవారే ముందుగా ప్రయత్నించాలని నా కోరిక.