అరటి తోట – పిలక ఎన్నిక

ఆంధ్రుల ఇంట అరటి లేని శుభకార్యము లేదు. ద్వారమునకు కట్టిన బోదెలు, పంక్తిలో పరచిన ఆకులు, తాంబూలములోని పండ్లు, అన్నియు ఒక్క మొక్క ఇచ్చినవే. రావులపాలెము మార్కెట్టులో బారులు తీరిన గెలలను చూచువారికి, వాని వెనుక రైతు సుమారు సంవత్సరకాలము పడిన ఆరాటము కానరాదు. ఆ ఆరాటములో సగము పిలకను ఎన్నుకొన్ననాడే తీరును. ఎన్నిక తప్పినచో ఆనాడే మొదలగును. ఈ పూట ఆ సంగతియే మనవి చేయదలచినాను.

అరటిని చెట్టని పిలుచుట వాడుకయే గాని, అది చెట్టు కాదు. కాండమువలె కనిపించునది ఒకదానిపై ఒకటి చుట్టుకొన్న దొప్పల మొత్తము. కార్తీకమాసమున మన స్త్రీలు దీపములు విడుచునది ఆ దొప్పలలోనే. అసలు కాండము భూమిలోని దుంప. గెల వేయు తరుణమున దానినుండి దొప్పల నడుమగా పైకి లేచు తెల్లని భాగమునే దవ్వ యనియు, దూట యనియు కూర వండుకొందుము. ఫలించి పండినంతనే నశించు మొక్కలను పూర్వులు ఓషధులన్నారు. ఒక్క గెల ఇచ్చి ఒరిగిపోవు అరటికి ఆ పేరు తగును. తల్లి పోవును, పిలక వంశమును నిలుపును.

మనము తిను అరటిపండులో మొలకెత్తు గింజ లేదు. కావున పిలక తల్లికి అచ్చమైన ప్రతిరూపము. తల్లి రుచి, దిగుబడి వచ్చినట్లే, తల్లి దుంపలోని తెగులును పురుగును దానివెంట వచ్చును.

పిలకలు రెండు విధములు. వెడల్పాటి ఆకులతో ముచ్చటగా కనిపించునవి నీటి పిలకలు; వాని దుంపలో సత్తువ ఉండదు. కత్తివలె సన్నని ఆకులు గలవి సూది పిలకలు. నాటుటకు ఇవియే తగినవి. రెండు మూడు మాసముల వయస్సు, బలిసిన దుంప ఉండవలెను. పాత వేళ్లను, కుళ్లిన భాగమును చెక్కివేసి, అడుగున్నర గుంటలో పశువుల ఎరువు వేసి నాటవలెను. ఆరడుగుల ఎడము పాటించినచో ఎకరమునకు సుమారు 1,200 మొక్కలు పట్టును. మొదట నీరు నిలువకుండ చూడవలెను. గెల వేయువరకు ప్రక్క పిలకలను ఎప్పటికప్పుడు కోసివేసి, తరువాత కార్శి పంటకు ఒక్కదానిని మాత్రమే ఉంచవలెను.

ఇక పనామా తెగులు. క్రింది ఆకులు అంచులనుండి పసుపుబారి, కాడవద్ద విరిగి, బోదె చుట్టు వ్రేలాడును. దుంపను కోసినచో ఎఱ్ఱని గోధుమరంగు చారలు కనిపించును. దీని శిలీంధ్రము మట్టిలో దశాబ్దములు బ్రతుకును. సోకిన మొక్కకు మందు లేదు. మధ్య అమెరికాలో ఎగుమతికి ఆధారమైన గ్రోస్ మిషెల్ తోటలు గత శతాబ్దపు పూర్వార్ధమున దీనివలననే నాశనమై, వాని స్థానమున కావెండిష్ రకములు వచ్చినవి. మన అమృతపాణి దీనికి సులభముగా లొంగును. కర్పూర చక్కెరకేళి చాలవరకు తట్టుకొనును. అయితే కావెండిష్‌ను సైతము చంపు క్రొత్త తెగ పుట్టినది. 2019లో అది కొలంబియాలో కనిపించినది. మన దేశమున బీహారు, ఉత్తరప్రదేశ్ తోటలలోను బయటపడినది.

మన పల్లెలలో పిలకలకు వెల కట్టరు. చుట్టమింటికి పోయినవారు నాలుగు పిలకలు బండిలో వేసికొని వచ్చుట మర్యాద. ఆ మర్యాదను కాదనుట నా ఉద్దేశము కాదు. కాని పిలకతోపాటు వచ్చు పిడికెడు మట్టి తోటనంతటిని తుడిచిపెట్టగలదు. తల్లి మొక్కను చూడక పిలక తేరాదు. తెగులున్న తోటలో త్రవ్విన గునపమును కడుగక మన తోటలో దింపరాదు. వైరస్ పరీక్ష జరిగిన టిష్యూకల్చర్ మొక్కలకు ఖర్చెక్కువయైనను, దుంప ద్వారా వచ్చు తెగుళ్ల భయము తక్కువ. గెలలును ఇంచుమించు ఒక్కసారి కోతకు వచ్చును.

ముల్లు వచ్చి ఆకుమీద పడినను, ఆకు పోయి ముల్లుమీద పడినను ఆకుకే చేటని సామెత. తోటలో ఆ ముల్లు గాలి. 1996 నవంబరు 6వ తేదీ తుపానుకు కోనసీమ తోటలు నేలకొరిగినవి. అంతటి గాలికి ఏ ఊతమును చాలదు. సాధారణపు గాలులకు మాత్రము గెలవేసిన మొక్కకు వెదురు గెడ ఊతమిచ్చిన చాలును.

గాలిని ఆపుట రైతు చేతిలో లేదు. పిలకను ఎన్నుకొనుట పూర్తిగా అతని చేతిలోనే ఉన్నది. ఈసారి ఎవరైన ప్రేమతో పిలక ఇచ్చినచో, పుచ్చుకొనుటకు ముందు తోటలోనికి వెళ్లి దాని తల్లిని ఒక్కసారి చూచి రండు.